కొల్లేటి గట్లు: ఒక మట్టికట్ట చరిత్రను ఎలా చదవాలి?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• కొల్లేరు ప్రాంతంలో వరదను అడ్డుకోవడానికి వేసిన మట్టిగట్లు ఎన్ని రకాలో గుర్తించగలరు.
• మట్టికట్ట పనిచేసే తీరును, అది తెగిపోవడానికి గల కారణాలను వివరించగలరు.
• రక్షణ కోసం వేసిన గట్టుకూ, ఆదాయం కోసం వేసిన గట్టుకూ గల తేడాను చారిత్రకంగా చర్చించగలరు.
• మీ గ్రామంలోని ఒక గట్టు చరిత్రను సొంతంగా రాయగలరు.

1. ప్రస్తావన

భీమవరం నుంచి గుడివాడ వైపు వెళ్లే రోడ్డు మీద మొదట తగిలే పెద్ద ఊరు ఉండి. అక్కడి నుంచి ఆకివీడు దాటి కైకలూరు వైపు వెళితే మధ్యలో ఉప్పుటేరు వస్తుంది. మీరు ఆ దారిలో ఎప్పుడైనా ప్రయాణించి ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. రోడ్డుకు రెండు వైపులా ప్రధానంగా కనిపించేవి మూడు: వరిచేను, చేపల చెరువు, ఆ రెంటినీ విడదీసే మట్టిగట్టు. కొండ లేదు, గుట్ట లేదు. ఈ నేలలో కాస్త ఎత్తుగా ఉన్నది ఏదైనా, చాలావరకు అది మనిషి పోసిన మట్టే.

ధవళేశ్వరం ఆనకట్ట గురించి మీరు పాఠశాల తరగతుల నుంచీ చదువుతూ వచ్చారు. దానిని కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో తెలియనివారు ఉండరు. కానీ ఊరి చివర ఉన్న చిన్న గట్టుకు శిలాఫలకం ఉండదు, జయంతి ఉండదు. దానిని ఎవరు వేశారో, ఎందుకు వేశారో, ఏ వరదకు తెగిందో ఆ ఊరి పెద్దలకు తప్ప బయటివారికి తెలియదు. అయినా వర్షాకాలంలో ఒక కుటుంబం ఇంట్లో పడుకుంటుందా, రోడ్డు మీద పడుకుంటుందా అన్నది చాలాసార్లు ఆ చిన్న గట్టే నిర్ణయిస్తుంది.

ఈ పాఠ్యభాగంలో మనం అలాంటి గట్ల చరిత్రను పరిశీలిద్దాం. చదువుతున్నంతసేపూ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకోండి. ఈ గట్టు ఎవరిని కాపాడటానికి వేశారు? అది అడ్డుకున్న నీరు ఎక్కడికి పోయింది?

2. నేల తీరు: కొల్లేరు ఒక సహజ జలాశయం

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న పల్లపు ప్రాంతం. రెండు నదులూ వేల సంవత్సరాల పాటు తెచ్చిన ఒండ్రు మట్టితో వాటి పక్కన నేల ఎత్తు పెరిగింది. రెంటి నడుమ ఉన్న భాగం పల్లంగా మిగిలింది. ఆ పల్లంలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏరులు వచ్చి చేరతాయి. డెల్టా పొలాల మురుగు కాలువలు కూడా ఇక్కడికే వస్తాయి. ఇంత నీటికీ సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరుగుతూ బంగాళాఖాతం చేరుతుంది.

వచ్చే దారులు చాలా, పోయే దారి ఒకటి. పెద్ద వరద వచ్చినప్పుడు ఏరులు తెచ్చే నీటిలో చిన్న వంతును మాత్రమే ఉప్పుటేరు వెంటవెంటనే తీసుకుపోగలదు. సముద్రం పోటు మీద ఉంటే అదీ మందగిస్తుంది. మిగిలిన నీరు సరస్సులో పరుచుకుని నెమ్మదిగా దిగాలి. అందుకే కొల్లేరును ఇంజనీర్లు వరదను సమతుల్యం చేసే సహజ జలాశయంగా పరిగణిస్తారు.

ఈ సరస్సుకు స్థిరమైన ఒడ్డు లేదు. దాని విస్తీర్ణాన్ని సముద్రమట్టం నుంచి అడుగుల లెక్కన, అంటే కాంటూరు లెక్కన చెబుతారు. +5 అడుగుల కాంటూరు వద్ద కొల్లేరు సుమారు 308 చదరపు కిలోమీటర్లు. +10 వద్ద సుమారు 901 చదరపు కిలోమీటర్లు. నీటిమట్టం ఐదు అడుగులు పెరిగితే సరస్సు దాదాపు మూడింతలు అవుతుందన్నమాట.

ఒక చిన్న లెక్క చేద్దాం. +5 వద్ద మట్టం ఒక్క అడుగు పెరగడానికి సుమారు 3.3 టీఎంసీల నీరు కావాలి. +10 వద్ద అదే ఒక్క అడుగుకు సుమారు 9.7 టీఎంసీలు కావాలి. అంటే సరస్సు విస్తరించే కొద్దీ వరదను మింగే శక్తి పెరుగుతుంది. విస్తరించడానికి చోటు ఉన్నంతకాలమే ఈ మాట నిజం. ఆ చోటును గట్లతో మూసివేస్తే, అదే నీరు తక్కువ విస్తీర్ణంలో ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. తరువాతి భాగాల్లో చూడబోయే చరిత్ర అంతా ఈ లెక్క చుట్టూ తిరుగుతుంది.

3. ఆనకట్టకు ముందు కొల్లేరు

కొల్లేరు ప్రస్తావన చాలా పాతది. రెండవ పులకేశి విజయాలను వర్ణించిన ఐహోళె శాసనంలో (క్రీ.శ. 634-35) యుద్ధంలో రక్తసిక్తమైన ఒక సరస్సు ప్రసక్తి ఉంది. దానిని చరిత్రకారులు కొల్లేరుగా గుర్తించారు. తూర్పు చాళుక్యుల రాజధాని వేంగి, అంటే నేటి పెదవేగి, ఈ సరస్సుకు ఉత్తరాన దగ్గరలోనే ఉంది.

కొల్లేటికోట చుట్టూ అల్లుకున్న ఒక ఐతిహ్యాన్ని కూడా మీరు తెలుసుకోవాలి. సరస్సు నడుమనున్న కోటలో ఒడియా గజపతి సేనలు ఉండగా, శత్రుసేన ఒడ్డున చిగురుకోట వద్ద విడిది చేసిందట. నీరు అడ్డుగా ఉన్నంతకాలం కోటను పట్టుకోలేమని గ్రహించి, సరస్సు నీటిని సముద్రంలోకి దించడానికి ఉప్పుటేరును తవ్వించిందట. దిక్కుతోచని కోటలోని సేనాపతి తన కుమార్తెనే బలి ఇచ్చాడని కథ చెబుతుంది. 1883లో వెలువడిన కృష్ణా జిల్లా మాన్యువల్లో గోర్డన్ మెకంజీ ఈ కథను నమోదు చేశాడు.

దీనిని జరిగిన సంఘటనగా తీసుకోవడానికి ఆధారం చాలదు. కానీ ఐతిహ్యం కూడా ఒక రకమైన సాక్ష్యమే. కొల్లేటి నీటిమట్టం ఒక అడుగు పెరిగినా తగ్గినా ఒకరు బతుకుతారు, ఒకరు నష్టపోతారు అన్న ఎరుక ఇక్కడి జనానికి ఎంతో కాలంగా ఉందని ఆ కథ మనకు చెబుతుంది.

ఆ రోజుల్లో సరస్సు లంకల్లో ఉండేవారి జీవనం నీటి రాకపోకలకు తగినట్టు ఉండేది. వానకాలంలో చేపల వేట, పడవ ప్రయాణం. నీరు తీసిన తరువాత బయటపడిన నేలలో వరి. ఆ పొలాల చుట్టూ వేసుకునే గట్లు మోకాలెత్తువి. వరద వచ్చినప్పుడు నీరు వాటి మీదుగా దాటిపోయేది. మళ్లీ ఏడాది మళ్లీ వేసుకునేవారు. ఆ గట్టు నీటితో ఒప్పందం చేసుకున్న గట్టు అనవచ్చు.

4. ఆనకట్టలు, కాలువలు, మురుగు

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. పశ్చిమ డెల్టాలో విజ్జేశ్వరం నుంచి బయలుదేరిన ప్రధాన కాలువ శాఖలుగా చీలింది. వాటిలో ఒకటైన ఉండి కాలువ ఈ ప్రాంతం పేరుతోనే ఉంది. 1833 నాటి నందన కరువును చూసిన ప్రాంతంలో వరి నిలకడగా పండసాగింది. ఇది కాదనలేని మేలు.

అయితే కాలువ తెచ్చిన నీటిలో మిగిలినది ఎక్కడికైనా పోవాలి. పొలానికి నీరు పెట్టే బోదె ఎంత అవసరమో, నీరు తీసే మురుగు కోడు అంతే అవసరం. ఎగువ పొలాలకు ఈ బాధ తెలియదు. ఉండి, ఆకివీడు, గణపవరం వంటి దిగువ ప్రాంతాలకు, కాలువ శివారు భూములకు మాత్రం ఇది ప్రతి సార్వాలోనూ ఎదురయ్యే సమస్య. నాట్లు వేశాక వారం రోజులు నీరు నిలిచిపోతే పైరు కుళ్లిపోతుంది. అందువల్ల ఇక్కడి రైతు ఒకే ఏడాదిలో నీరు చాలదని ఒకసారి, నీరు దిగడం లేదని ఒకసారి గోడు చెప్పుకోవడంలో వింత లేదు.

ఆనకట్టతో పాటు ఏటిగట్లు కూడా వచ్చాయి. గోదావరి వరద డెల్టా మీద పడకుండా నది వెంట పొడుగునా మట్టిగట్టును ఎత్తు చేశారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు ఏటిగట్లు పలుచోట్ల తెగాయి. ఆ తరువాత వాటిని మరింత ఎత్తుకు పెంచారు. గట్టు తెగడం, తెగిన తరువాత ఇంకా ఎత్తు పెంచడం అనే క్రమం మీకు ముందు ముందు కూడా కనిపిస్తుంది.

మురుగు సమస్యను ప్రభుత్వం మొత్తం డెల్టా సమస్యగా చూసింది 1964 వరదల తరువాత. ఏ.సి. మిత్రా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలను, కొల్లేరును, ఉప్పుటేరును కలిపి పరిశీలించింది. దాని తరువాత 1968లో డెల్టా ప్రాంతానికి డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. నీరు తెచ్చినందుకు శిస్తు కట్టే రైతు, నీరు తీసినందుకు కూడా సెస్సు కట్టవలసి రావడం ఇక్కడ గమనించదగిన మార్పు.

5. మట్టికట్ట ఎలా నిలుస్తుంది? ఎలా తెగుతుంది?

చరిత్ర విద్యార్థికి ఇంజనీరింగుతో పనేమిటని మీకు అనిపించవచ్చు. కట్ట తెగిన ప్రతిసారీ తప్పు ఎవరిదన్న వాదన మొదలవుతుంది. ఆ వాదనను అంచనా వేయాలంటే కట్ట స్వభావం కొంతైనా తెలియాలి.

మట్టికట్ట తన బరువుతో నిలుస్తుంది. అందుకే దాని అడుగు వెడల్పుగా, పైభాగం ఇరుకుగా ఉంటుంది. పొరలు పొరలుగా మట్టి పోసి, తడిపి, రోలరుతోనో దిమ్మిసతోనో అణిచితేనే గట్టిపడుతుంది. నీటివైపు వాలు కోసుకుపోకుండా రాతి పరుపు వేస్తారు. డెల్టాలో దొరికేది ఎక్కువగా నల్లమట్టి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. వేసవిలో పడిన బీటను పట్టించుకోకపోతే వానకాలంలో అదే నీటికి దారి అవుతుంది.

కట్ట తెగడానికి ప్రధాన కారణాలు మూడు. మొదటిది పొర్లడం. నీరు కట్ట మీదుగా దాటితే వెనకవైపు మట్టి కోసుకుపోయి కొద్ది గంటల్లోనే గండి పడుతుంది. రెండవది ఊట. ఎలుక బొరియ, ఎండ్రకాయ బొరియ, చెట్టు వేరు, తూము పక్కన సందు, ఏదైనా కావచ్చు. లోపల సన్నని ధార మొదలై మట్టిని మోసుకుపోతూ పెద్దదవుతుంది. ఊట నీరు తేటగా వస్తుంటే భయం తక్కువ, బురదగా వస్తుంటే కట్ట లోపల కరుగుతోందని కాపలావాళ్లు గుర్తిస్తారు. మూడవది వాలు జారిపోవడం.

పొర్లడాన్ని తప్పించడానికి కలుజు, గేట్లు ఉంటాయి. అంటే మట్టికట్టకు ప్రాణం మట్టిలో ఎంత ఉందో, నీటిని వదిలే ఏర్పాటులో అంత ఉంది. దీనికి ఇటీవలి ఉదాహరణ అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి వద్దనున్న పెద్దవాగు ప్రాజెక్టు. 2024 జులైలో కుండపోత వానకు వచ్చిన వరద కట్ట మీదుగా పొర్లి గండి పడింది. కట్ట తెలంగాణలో ఉంది. ఆ నీరు ముంచింది దిగువన ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుక్కునూరు మండలాల పల్లెలను. ఆయకట్టులో ఎక్కువ భాగమూ ఈ దిగువ ప్రాంతానిదే. కట్ట ఒక పాలనలో, దాని నష్టం మరొక పాలనలో ఉన్నప్పుడు మరమ్మతు ఎవరి బాధ్యత అన్న ప్రశ్న ఎంత ముఖ్యమైనదో ఈ సంఘటన చూపింది.

6. ఎగువ కట్టలు: తమ్మిలేరు, ఎర్రకాలువ

వరదను దిగువన గట్లతో అడ్డుకోవడం ఒక పద్ధతి. ఎగువనే చిన్న జలాశయం కట్టి పట్టి ఉంచడం మరొక పద్ధతి. మెట్ట ప్రాంతంలో వాన కురిసిన కొన్ని గంటల్లోనే ఉప్పొంగే ఏరుల మీద ఈ రెండవ పద్ధతిని ప్రయత్నించారు. చింతలపూడి వైపు తమ్మిలేరు మీద, జంగారెడ్డిగూడెం మండలం కొంగువారిగూడెం వద్ద ఎర్రకాలువ మీద మట్టికట్ట జలాశయాలు వచ్చాయి. రెండింటికీ మెట్టకు సాగునీరు ఇవ్వడం, దిగువన వరద తగ్గించడం అనే రెండు పనులు అప్పగించారు.

ఎర్రకాలువ ప్రయాణాన్ని గమనించండి. అది జంగారెడ్డిగూడెం ప్రాంతం నుంచి నల్లజర్ల, నిడదవోలు, తాడేపల్లిగూడెం మండలాల మీదుగా దిగుతుంది. నందమూరు వద్ద గోదావరి కాలువను మోసే అక్విడెక్టు కింద నుంచి దాటి, ఆ తరువాత యనమదుర్రు డ్రెయిన్ అనే పేరుతో భీమవరం వైపు సాగుతుంది. అంటే మెట్టలో వాగు, డెల్టాలో మురుగు కాలువ. నీరు ఒక్కటే, పేరు మారింది, శాఖ మారింది. మెట్టలో కురిసిన వాన రెండు మూడు రోజుల్లో భీమవరం పరిసరాల పొలాల్లో తేలుతుంది.

ఎర్రకాలువ జలాశయం సామర్థ్యం నాలుగున్నర టీఎంసీలకు కొంచెం లోపు. ఈ అంకెను రెండవ భాగంలోని లెక్కతో పోల్చి చూడండి. +10 మట్టం వద్ద కొల్లేరు ఒక్క అడుగు పెరిగితే పట్టే నీరు ఈ జలాశయం మొత్తానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఎగువ కట్ట ఎంత ఉపయోగకరమైనా, దిగువనున్న సహజ జలాశయానికి అది ప్రత్యామ్నాయం కాలేదు.

మరొక చిక్కు కూడా ఉంది. సాగునీటి కోసం జలాశయం నిండుగా ఉండాలి. వరదను పట్టాలంటే ఖాళీగా ఉండాలి. ఒకే కట్ట రెండు పనులూ చేయాలంటే గేటు దగ్గర ఉన్న అధికారి ఎప్పుడు ఎంత నీరు వదలాలో ముందే ఊహించాలి. ఆలస్యంగా వదిలితే కట్టకు ముప్పు, ఒక్కసారిగా వదిలితే దిగువ ఊళ్లకు ముప్పు, ముందే వదిలేసి తరువాత వాన పడకపోతే మెట్ట రైతుకు నష్టం. పైగా జలాశయానికి దిగువన కలిసే వాగులను ఆ కట్ట ఆపలేదు. 2024 జులైలో ఎర్రకాలువ పొంగినప్పుడు తాడేపల్లిగూడెం, నిడదవోలు ప్రాంతాల్లో నాట్లు వేసిన పొలాలు మళ్లీ మునిగాయి.

తమ్మిలేరు కథ ఏలూరు పట్టణానికి సంబంధించినది. ఏరు పట్టణానికి దగ్గరగా పాయలుగా చీలి కొల్లేరు వైపు పోతుంది. పట్టణాన్ని కాపాడేది ఏటి గట్లే. 2020 అక్టోబరులో తమ్మిలేరు వరద ఏలూరులో చాలా కాలనీలను ముంచింది. గట్టు ఉందన్న ధైర్యంతో దాని అంచునే ఇళ్లు కట్టుకోవడం అన్ని పట్టణాల్లోనూ జరిగే పని. అందువల్ల గట్టు వేసిన తరువాత చిన్న వరదల బాధ తగ్గుతుంది, పెద్ద వరద వచ్చిన రోజున నష్టం మాత్రం మునుపటి కన్నా పెరుగుతుంది.

7. చెరువు గట్టు: రక్షణ నుంచి ఆస్తికి

1970వ దశకంలో కొల్లేటి గ్రామాల పేద కుటుంబాలకు ఆదాయం కల్పించడానికి ప్రభుత్వం మత్స్య సహకార సంఘాలను ప్రోత్సహించి, సరస్సు భూముల్లో చేపల చెరువులు తవ్వించింది. ఆలోచన మంచిదే. నీటిలో మునిగే నేలలో వరి కన్నా చేప నమ్మకమైన పంట. 1980ల తరువాత ఇది పెద్ద పరిశ్రమగా మారింది. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలకెక్కి కలకత్తా, ఈశాన్య రాష్ట్రాల దాకా వెళ్లసాగాయి. ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం ఉండటం ఈ ప్రాంతంలో చేపల సాగు ప్రాధాన్యానికి గుర్తు.

లాభం పెరగడంతో సంఘాల పేరు మీద ఉన్న చెరువులు చాలాచోట్ల లీజుల ద్వారా పెట్టుబడి ఉన్నవారి చేతుల్లోకి పోయాయి. ఎవరి కోసం చెరువులు తవ్వారో వారిలో చాలామంది అక్కడే కూలీలుగా, కాపలాదారులుగా మిగిలారు.

ఇప్పుడు గట్టు సంగతి చూద్దాం. పాత పొలం గట్టు మోకాలెత్తుది, వరదకు దారి ఇచ్చేది. చేపల చెరువు గట్టు అలా ఉంటే వరదతో పాటు చేపలన్నీ పోతాయి. కాబట్టి అది ఎత్తుగా, మీద లారీ తిరిగేంత వెడల్పుగా, ఏడాది పొడుగునా నిలిచేదిగా ఉండాలి. పొక్లెయిన్లు వచ్చాక అలాంటి గట్టు వేయడం రోజుల్లో పని అయింది. ఒక్క చెరువు గట్టు వరదను పెంచదు. 100 ఎకరాల చెరువు సరస్సు నుంచి తీసుకునే చోటు లెక్కలోకి రాదు. కానీ సుమారు 23 వేల ఎకరాలు గట్ల లోపలికి పోతే, పెరిగే ప్రతి అడుగు మట్టానికీ ఒక టీఎంసీ నీరు వేరే చోటు వెతుక్కోవాలి. ఆ చోటు గట్టు లేని వాడి ఇల్లు, గట్టు లేని వాడి చేను.

వరదను అడ్డుకోవడానికి పుట్టిన గట్టు ఇలా వరదను పక్కవాడి మీదికి నెట్టే గట్టుగా మారింది. గట్టు వేసిన ఏ ఒక్కరికీ ఆ ఉద్దేశం లేకపోవచ్చు. చరిత్రలో చాలా నష్టాలు ఇలాగే, ఎవరి ఉద్దేశమూ లేకుండా, అందరి చిన్న చిన్న నిర్ణయాలూ కలిసి జరుగుతాయి.

8. గట్లు తెంచిన ఏడాది, గట్లు తెగిన ఏడాది

1999లో ప్రభుత్వం +5 కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2005 వానలకు కొల్లేటి గ్రామాలు మునిగిన తరువాత ఒత్తిడి పెరిగింది. సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యంలోని చెరువు గట్లను యంత్రాలతోను, పేలుడు పదార్థాలతోను తెంచారు.

ఈ చర్యను రెండు వైపుల నుంచీ చూడాలి. నీటికి చోటు తిరిగి వచ్చింది, పక్షులకు నేల దొరికింది. మరోవైపు లంక గ్రామాల్లో చెరువు పని మీద బతికే కుటుంబాలకు కూలి పోయింది. పెద్ద పెట్టుబడిదారు మరో మండలంలో చెరువు తవ్వుకోగలడు. లంకలో రెండు సెంట్ల ఇల్లు ఉన్నవాడు ఎక్కడికీ పోలేడు. అభయారణ్యం హద్దును +5 నుంచి +3కు తగ్గించాలన్న డిమాండు అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. తెంచిన గట్లు కొన్నిచోట్ల మళ్లీ లేచాయి.

2024 సెప్టెంబరు మొదటి వారంలో మరో దృశ్యం కనిపించింది. కొల్లేటికి చేరే ఏరుల్లో పెద్దదైన బుడమేరును వెలగలేరు రెగ్యులేటరు దగ్గర కృష్ణలోకి మళ్లించే కాలువకు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉంది. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. దశాబ్దాల పాటు ఒక గట్టు బాగానే పనిచేయడంతో ఏటి పాత దారిలో ఇళ్లు లేచాయి. గట్టు తెగిన రోజున ఏరు తన పాత దారిని గుర్తుచేసుకుంది.

9. ఇతర ప్రాంతాల అనుభవం

ఇది ఒక్క కొల్లేటి సమస్యే కాదు. అమెరికాలో మిసిసిప్పీ నదికి రెండు వైపులా గట్లు ఎత్తు చేస్తూ పోయారు. 1927 మహావరదలో గట్లు ఎక్కడికక్కడ తెగాయి. న్యూ ఆర్లియన్స్ నగరాన్ని కాపాడటానికి దిగువన కేర్‌నార్వన్ వద్ద గట్టును డైనమైటుతో పేల్చి, అక్కడి పల్లె ప్రాంతాన్ని ముంచారు. నగరం నిలిచింది, మునిగినవారికి ఇస్తామన్న పరిహారం సరిగా అందలేదు. మన పొరుగున ఒరిస్సాలో 1928 నాటి వరదల సంఘం కూడా గట్లు పెంచడం కన్నా వరద త్వరగా సముద్రం చేరేటట్టు చూడటమే అసలు పని అని అభిప్రాయపడింది.

ఈ ఉదాహరణల్లో ఒక పోలిక ఉంది. గట్టు ఎక్కడ వేయాలి, ఎక్కడ తెంచాలి అన్న నిర్ణయం తీసుకునే చోట మాట చెల్లినవారు ఒడ్డున ఉంటారు. మాట చెల్లనివారు నీటిలో ఉంటారు. ఉండి నుంచి లూసియానా దాకా ఇది వర్తిస్తుంది.

10. మీ ఊరి గట్టు చరిత్ర రాయండి

ఇంతవరకు చదివినది పద్ధతిగా మీ ఊరికి వర్తింపజేయండి. మీకు దగ్గరలోని ఒక గట్టును ఎంచుకోండి. అది కాలువ గట్టు కావచ్చు, మురుగు కోడు గట్టు కావచ్చు, చెరువు గట్టు కావచ్చు. ముందుగా దాని మీద నడిచి ఎక్కడ తూము ఉందో, ఎక్కడ పాత గండి పూడ్చిన గుర్తు ఉందో చూడండి. పూడ్చిన చోట మట్టి రంగు తరచుగా వేరుగా ఉంటుంది.

తరువాత గట్టు లోపలివారితోనూ, బయటివారితోనూ విడివిడిగా మాట్లాడండి. లోపలివారు గట్టు ఎన్నిసార్లు కాపాడిందో చెబుతారు. బయటివారు ఎన్నిసార్లు ముంచిందో చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ముంపు మట్టం గుర్తున్న ఇళ్ల గోడలు, గుడి మెట్లు, బడి అరుగు చూడండి. గ్రామ రెవెన్యూ రికార్డుల్లో ఆ భూమి దేనిగా నమోదై ఉందో పరిశీలించండి. రికార్డులో పోరంబోకుగానో, వాగుగానో ఉన్నచోట ఇప్పుడు గట్టు ఉంటే, మీ చరిత్ర అక్కడే మొదలవుతుంది.

సారాంశం

కొల్లేరు ప్రాంతంలో మట్టిగట్టు మూడు రూపాల్లో కనిపిస్తుంది: నదిని, ఏరును అదుపులో ఉంచే ఏటిగట్టు, ఎగువన వరదను పట్టే జలాశయపు కట్ట, చేపల చెరువు గట్టు. మూడింటికీ మట్టి ఒకటే, పని వేరు. గట్టు నీటిని మాయం చేయదు, దాని దారిని, సమయాన్ని మారుస్తుంది. ఆనకట్టల తరువాత నీరు తేవడం మీద పెట్టిన శ్రద్ధ నీరు తీయడం మీద ఆలస్యంగా వచ్చింది. సరస్సు విస్తరించే చోటు గట్లతో తగ్గిన కొద్దీ ముంపు గట్టు లేనివారి వైపు జరిగింది. గట్టును తెంచినప్పుడు కూడా భారం మొదట పడింది ఎక్కువగా వారి మీదే. కాబట్టి గట్టు చరిత్ర రాసేవారు దాని లోపల ఎవరున్నారో ఎంత శ్రద్ధగా నమోదు చేస్తారో, బయట ఎవరున్నారో అంత శ్రద్ధగా నమోదు చేయాలి.

ముఖ్య పదాలు

ఏటిగట్టు: నది లేదా ఏరు వరద పొలాల మీదికి రాకుండా ఒడ్డు వెంట వేసిన మట్టిగట్టు.
గండి: నీటి ఒత్తిడికి గట్టు తెగిన చోటు.
కలుజు: జలాశయంలో ఎక్కువైన నీరు కట్టకు హాని లేకుండా బయటికి పోయే ఏర్పాటు.
కాంటూరు: సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత.
క్యూసెక్కు: సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున నీటి ప్రవాహం.
టీఎంసీ: వంద కోట్ల ఘనపుటడుగుల నీరు.
సార్వా, దాళ్వా: డెల్టాలో వరుసగా వానకాలపు, ఎండకాలపు వరి పంటలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కొల్లేరును సహజ వరద సమతుల్య జలాశయంగా ఎందుకు పరిగణిస్తారు? కాంటూరు లెక్కల సహాయంతో వివరించండి.
2. మట్టికట్ట తెగడానికి గల మూడు కారణాలు రాయండి.
3. ఒకే జలాశయం సాగునీటికీ, వరద నియంత్రణకూ ఉపయోగపడటంలో గల ఇబ్బంది ఏమిటి? ఎర్రకాలువను ఉదాహరణగా తీసుకోండి.
4. పాత పొలం గట్టుకూ, చేపల చెరువు గట్టుకూ గల తేడాలను పోల్చండి.
5. 'ఆపరేషన్ కొల్లేరు' ఫలితాలను లంక గ్రామాల కూలీ కుటుంబాల దృష్టి నుంచి, దిగువ వరి రైతుల దృష్టి నుంచి చర్చించండి.